పెరట్లో రెండు తేనెపెట్టెలు, పక్కింట్లో ఈతకొలను: లాస్ ఏంజెలెస్ కేసు ఒకటి

ఈ కేసు 2022 నాటిది. ఇల్లు లాస్ ఏంజెలెస్ నగరంలో, శాన్ ఫెర్నాండో లోయ పడమటి కొసన ఉన్న వెస్ట్ హిల్స్‌లో. ఆ ఇంటి ఇల్లాలు నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది కాబట్టి ఇక్కడ చెల్లెలు అనే రాస్తాను. భార్యాభర్తలిద్దరివీ ఉద్యోగాలు, ఇద్దరు చిన్నపిల్లలు. ఆ ఏడాది ఏప్రిల్‌లో చెల్లెలి నాన్నగారు పాడేరు నుంచి వచ్చి ఆరు నెలలు వాళ్ల దగ్గరే ఉన్నారు. రిటైరైన టీచరు. నేను బాబాయిగారూ అనేవాణ్ణి. ఈ కేసులో అసలు పని చేసింది ఆయనే. ఆ సంగతి తర్వాత వస్తుంది.

నేను పదకొండేళ్లుగా ఇక్కడ తేనెటీగలు పెంచుతున్నాను. మొదటి నాలుగేళ్లు నా పెట్టెలు ఊళ్లో లేవు. నగరం బయట శాంటా పౌలా అనే ఊళ్లో ఒక మిత్రుడి నిమ్మతోట అంచున ఉండేవి. నగరంలో ఇళ్ల దగ్గర తేనెటీగలు పెట్టుకోవడానికి అప్పట్లో వీల్లేదు. ఈగలు పండ్లను పాడుచేస్తాయన్న నమ్మకంతో 1879లో పెట్టిన నిషేధం అది అంటారు. 2015 అక్టోబర్‌లో నగర కౌన్సిల్ ఓటు వేసి, ఒకే కుటుంబం ఉండే ఇళ్ల పెరళ్లలో పెట్టెలు పెట్టుకోవచ్చని తేల్చింది. అప్పటి నుంచి తెలిసిన తెలుగువాళ్లు ఎవరైనా అడిగితే కాగితాల దగ్గర్నుంచి మొదటి పొగ పెట్టేదాకా పక్కనే ఉంటున్నాను. డబ్బు తీసుకోను.

చెల్లెలు నన్ను పట్టుకున్నది కలాబసాస్ దగ్గరి వేంకటేశ్వరస్వామి గుడిలో. "అన్నయ్యా, పిల్లలకి చూపించాలని ఉంది. మా ఇంట్లో పెట్టుకోవచ్చా?" అంది. చాలామందికి ఈ ప్రశ్న పెట్టెలు కొని ఇంటికి తెచ్చాక గుర్తొస్తుంది. ఈమె ముందే అడిగింది. అయినా ఆరు నెలలు తిరక్కుండానే ఫిర్యాదు వచ్చింది. అందులో తప్పు ఎక్కువ భాగం నాదే కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నేను మొదట చూసేది ఆ ఇల్లు ఎవరి పాలన కింద ఉందన్నది. కౌంటీని మన జిల్లా అనుకోండి. లాస్ ఏంజెలెస్ కౌంటీలో 88 నగరాలున్నాయి, ఏ నగరంలోనూ చేరని ప్రాంతాలు కూడా ఉన్నాయి. ప్రతి నగరానికీ తన నియమాలుంటాయి. రోడ్డుకి ఈ పక్క చెల్లింది ఆ పక్క చెల్లకపోవచ్చు. ఉత్తరాల మీద రాసే ఊరి పేరు చూసి ఇది ఫలానా నగరం అనుకుంటే దెబ్బతింటాం. వెస్ట్ హిల్స్ వేరే ఊరిలా వినిపిస్తుంది గానీ లాస్ ఏంజెలెస్ నగరంలో భాగమే. ఇల్లు ఏ జోన్‌లో ఉందో నగర ప్రణాళికా శాఖ మ్యాపులో అడ్రసు కొట్టి చూశాం. ఒకే కుటుంబం ఉండే ఇళ్ల జోనే. ఆ ఇంటికి హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, లేదు. ఉంటే దాని నిబంధనల పుస్తకం విడిగా చదవాలి. నగరం సరేనన్నా సంఘం వద్దనవచ్చు, అది వేరే పోరాటం.

మార్చి నెలాఖరు శనివారం పొద్దున టేపు, సుద్దముక్క పట్టుకుని పెరట్లోకి దిగాం. నగరం నియమాలు గట్టిగా చూస్తే ఒక పేజీ. స్థలంలో ప్రతి 2,500 చదరపు అడుగులకు ఒక పెట్టె. వాళ్లది 7,600 చదరపు అడుగులు, అంటే మూడు పెట్టవచ్చు. రెండే పెడదామన్నాను. ఒక్కటే ఉంటే దాని ఆరోగ్యం దేంతో పోల్చి చూడాలో తెలియదు, మొదటి ఏడాది మూడు మోయలేరు. పెట్టె ఏ సరిహద్దుకైనా ఐదడుగుల లోపల ఉండకూడదు. వీధికైతే ఇరవై అడుగులు వదలాలి. ఇంటి ముందు ఖాళీలో పెట్టకూడదు. పెట్టె ద్వారం దగ్గరి పొరుగు సరిహద్దుకి ఎదురుగా ఉండకూడదు, అటు వీపు పెట్టాలి లేదా దాని వెంబడి పక్కకి చూడాలి. పెట్టెకీ పొరుగు స్థలానికీ నడుమ ఆరడుగుల గోడో కంచెనో పొదల వరసో ఉండాలి, లేదంటే పెట్టె పొరుగు నేలకి ఎనిమిదడుగుల ఎత్తున ఉండాలి. దగ్గర్లో ఈగలు తాగే నీళ్లుండాలి.

ఈ ఆరడుగుల గోడ సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది కంచె గొడవ అనుకుంటారు. ఈగ ద్వారం నుంచి బయటికొచ్చి ఎదురుగా అడ్డు కనిపిస్తే నిట్టనిలువుగా లేస్తుంది. ఆరడుగులు దాటి లేచిందంటే ఆ ఎత్తులోనే పోతుంది, మనుషుల తలల మీదుగా. అడ్డు లేకపోతే తక్కువ ఎత్తున దూసుకుపోతుంది, పక్కింటి పిల్లాడి మొహానికి తగులుతుంది. ఆ గోడ మనకోసం కాదు, ఈగని పైకి తిప్పడానికి. నాకు ఇది బాగా తెలుసు. తెలిసి కూడా ఆ రోజు పొరుగు గోడని కంటితో చూసి ఆరడుగులుంటుందిలే అనుకున్నాను. టేపు చేతిలోనే ఉంది. పెట్టెల చోటు కొలిచాను, వీధి దూరం కొలిచాను, గోడ ఎత్తు కొలవలేదు.

ఇక రిజిస్ట్రేషన్. అది నగరం పని కాదు, కాలిఫోర్నియా రాష్ట్రం పెట్టిన చట్టం. అమలు చేసేది కౌంటీ వ్యవసాయ కమిషనర్. ఒక్క పెట్టె ఉన్నా నమోదు చేయాల్సిందే. పెట్టెలు వచ్చిన 30 రోజుల లోపు చేయాలి, ఆ తర్వాత ఏటా జనవరి 1న కొత్తగా చేయాలి. బీవేర్ అనే వెబ్‌సైట్‌లో మ్యాపు మీద పెట్టెలున్న చోట చుక్క పెట్టి, ఎన్ని పెట్టెలో రాసి, ఫోన్ నంబరు ఇస్తే అయిపోతుంది. పది పెట్టెల లోపు, వ్యాపారం కాకుండా పెంచేవాళ్లకి అప్పట్లో ఫీజు లేదు, మిగతావాళ్లకి 10 డాలర్లు. మనవైపు జాతీయ తేనెటీగల బోర్డు వాళ్ల మధుక్రాంతి పోర్టల్ 2021 ఏప్రిల్‌లో మొదలైంది. అక్కడి నమోదు ముఖ్యంగా పెంపకాన్ని వృత్తిగా చేసేవాళ్ల కోసం. ఇక్కడ పెరట్లో సరదాకి పెట్టిన పెట్టె కూడా లెక్కలోకి రావాలి. చెల్లెలు భర్తకి ఇది నచ్చలేదు. "రెండు పెట్టెలకి గవర్నమెంటు రికార్డుల్లోకి ఎక్కడమెందుకు బావగారూ?" అన్నాడు.

నేను అతనికి చెప్పిన జవాబు ఇది. కుళ్లు తెగులు అని ఒకటుంది, పురుగు దశలో ఉన్న పిల్లఈగలు పెరలోనే కుళ్లి జిగురైపోతాయి. ఆ తెగులు బీజాలు పాత పెరల్లో, పెట్టె చెక్కలో నలభై ఏళ్లు దాటినా చావవు. సోకిన పెట్టెని సాధారణంగా కాల్చేస్తారు. పక్క వీధిలో ఎవరికో వచ్చిందంటే మనకి చెప్పాలిగా? మనం ఎక్కడున్నామో తెలిస్తేనే చెప్తారు. తనిఖీకి వచ్చినవాళ్లు పెర తీసి చూడగలగాలనే, ఊడదీయగలిగే ఫ్రేములు (ఈగలు పెర కట్టే చట్రాలు) ఉన్న పెట్టెలే వాడాలని చట్టం. అతను ఆన్‌లైన్‌లో చవకగా చూసిపెట్టిన వాడిన పెట్టెలు కూడా అందుకే వద్దన్నాను. అప్పటికి ఒప్పుకున్నాడు, పూర్తిగా కాదు.

ఇంకో చిన్న పని ఉంది, చాలామంది ఎగ్గొట్టేది. సొంత ఇల్లు కాని చోట పెట్టెలు పెడితే, అక్కడికి వెళ్లే దారిలో కనిపించేలా యజమాని పేరు, అడ్రసు, ఫోన్ నంబరు రాసిన బోర్డు ఉండాలని చట్టం. సొంత పెరటికి అది తప్పనిసరి కాదు, అయినా పెట్టించాను. అక్షరాలు అంగుళానికి తగ్గకూడదు. బాబాయిగారు దాన్ని తన చేత్తో రాశారు, నల్లబోర్డు మీద రాసే గుండ్రటి అక్షరాల్లో. పెరటి గేటుకి బిగించాం. పక్క గేటులోంచి కూడా చదవొచ్చు.

ఏప్రిల్ రెండో వారంలో ఐదేసి ఫ్రేముల పిల్ల కాలనీలు, అంటే రాణితో సహా చిన్న ఈగల కుటుంబాలు, రెండు వచ్చాయి. రాణి వీపు మీద పసుపు చుక్క ఉన్నవే అడిగాను. 2తో, 7తో ముగిసే సంవత్సరాల్లో పుట్టిన రాణులకి పసుపు రంగు పెట్టడం ప్రపంచమంతా వాడుక. దక్షిణ కాలిఫోర్నియాలో ఎగురుతూ వచ్చిన పట్టుని, అంటే గూడు వదిలి లేచిన ఈగల గుంపుని, పెట్టెలో దింపి పెంచడం నాకిష్టం ఉండదు. ఇక్కడి అడవి ఈగల్లో ఆఫ్రికా జాతి రక్తం కలిసిపోయింది, ముక్కుమీదుంటుంది కోపం. చుక్క ఉన్న రాణి కనిపించినంతకాలం ఆ పెట్టెలో ఎవరి సంతానం ఉందో తెలుస్తుంది. నమోదు పెట్టెలు దిగిన రోజు రాత్రే చేసేశాం. పెట్టెల పక్కన తెల్లటి రాతి తొట్టె పెట్టి రోజూ శుభ్రమైన నీళ్లు మార్చాం. నియమం ప్రకారం నీళ్లున్నాయి.

ఆ ఏడు కరువు గట్టిగా ఉంది. జూన్ 1 నుంచి నగరంలో తోటలకి వారానికి రెండు రోజులే నీళ్లు పెట్టాలని ఆంక్ష వచ్చింది. పచ్చికలన్నీ వారంలో ఎండుగడ్డి రంగుకి తిరిగాయి. అప్పటిదాకా ఈగలు ఎవరి పచ్చిక తడిలోనో, ఎవరి పైపు కారేచోటనో తాగేవి. అవన్నీ ఎండిపోయాక మిగిలింది పక్కింటి ఈతకొలను. అందులో ఉప్పునీళ్లు. ఈగలకి కాస్త ఉప్పదనం ఉన్న నీళ్లంటే ప్రాణం. జూలై రెండో వారానికి ఆ కొలను మెట్టు అంచున వరసగా వాలి తాగడం మొదలుపెట్టాయి. మనవళ్లకి ఈత నేర్పే పెద్దాయన ఆ ఇంట్లో ఉంటారు. రెండుసార్లు చెల్లెలికి చెప్పారు, తను క్షమించమంది. మూడోసారి పెద్ద మనవడి అరికాలిలో కుట్టింది. ఆయన ఫిర్యాదులు తీసుకునే నగరం 311 నంబరుకి ఫోన్ చేశారు. నేను ఆయన్ని తప్పుపట్టను. నా మనవడైతే నేనూ చేసేవాణ్ణి.

ఆగస్టు మొదట్లో నగరం నుంచి తనిఖీకి ఒకాయన వచ్చారు. నేనూ వెళ్లాను. మర్యాదస్తుడు. ముందు నమోదు చూపించమన్నారు, ఫోన్‌లో చూపించాం. బోర్డు చూశారు. పెట్టెలు లెక్కపెట్టారు. సరిహద్దు నుంచి కొలిచారు, ఏడడుగులొచ్చింది. ద్వారాలు ఇంటి పెరటివైపే ఉన్నాయి. తర్వాత టేపు తీసి గోడకి ఆనించి పైకి లాగారు. ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. ఒకసారి మళ్లీ కొలిచారు, ఇంకో రెండు చోట్ల కొలిచారు. అంతే వచ్చింది. నాలుగంగుళాలు తక్కువ. చెల్లెలు నా మొహం చూసింది. నేను గోడనే చూస్తూ నిలబడ్డాను. సరిచేసుకోమని గడువిచ్చి వెళ్లారు. నీళ్ల తొట్టె ఉంది కాబట్టి దాని మీద ఆయన ఏమీ రాయలేదు. అక్కడే అసలు జబ్బు ఉందని నాకు తెలుస్తూనే ఉంది. గోడ లోపం కాగితం మీద దొరికింది, నీళ్ల లోపం కాగితానికి దొరకదు.

గోడ సంగతి ఒక ఆదివారంలో తేలిపోయింది. పెట్టెలకీ గోడకీ మధ్య ఆరడుగుల చెక్క తడికె పాతి, దాని వెంబడి పొదలు నాటాం.

నీళ్ల సంగతి పట్టుకున్నది బాబాయిగారు. ఆయన రోజూ ఉదయం కాఫీ తాగుతూ ఆ రాతి తొట్టె దగ్గర కూర్చునేవారట. "బాబూ, నాలుగు వారాల్నుంచి చూస్తున్నాను, ఈ తొట్టెలో ఒక్కటి వాలడం లేదయ్యా," అన్నారు. "మా ఏజెన్సీలో గెడ్డ నిండా నీళ్లున్నా ఈగ నీళ్లమీద వాలదు. ఒడ్డున తడి ఇసక మీద వాలి పీలుస్తుంది. మీరు లోతు నీళ్లు పెట్టారు, పైగా రోజూ కడిగేస్తున్నారు. దానికి వాసనెలా తెలుస్తుంది?" పెరలూ పొగా తెలిసిన నాకు తట్టని మాట అది. ఈగ నీళ్లని ముఖ్యంగా వాసనతో వెతుకుతుంది. శుభ్రమైన కుళాయి నీళ్లకి దాన్ని లాగేంత వాసన లేదు, నున్నటి రాతి అంచు మీద దానికి కాలూనదు. చుట్టూ పుట్టతేనె, జుంటితేనె తీసేవాళ్ల ఊళ్లలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి ఆయన. పిల్లలతో గెడ్డల వెంట తిరిగి చూసినవే ఇవన్నీ.

ఆయన చెప్పినట్టే చేశాం. వెడల్పాటి మట్టి పళ్లెం, అందులో ఇసక, పైన గులకరాళ్లు. పైనుంచి ఒక డబ్బాకి సూదిబెజ్జం వేసి నీళ్లు చుక్కచుక్కగా ఇసకలో పడేలా వేలాడదీశాం. ఇసక ఎప్పుడూ తడి, నీళ్లు ఎక్కడా నిలవవు. వారానికోసారి చిటికెడు ఉప్పు. పాకుడు పట్టినా కడగలేదు.

అయితే దారి మరిగిన ఈగలకి కొత్త పళ్లెం కనిపించదు. కొలను దారి తెలిసిన ఈగ పెట్టెకొచ్చి నాట్యంలాంటి కదలికలతో ఆ దారి పదిమందికి చెప్తుంది, వాళ్లు ఇంకో పదిమందికి. ఆ గొలుసు తెగాలంటే అలవాటుపడ్డ ఈగలు ఆ చోటికి దూరం కావాలి. ఎండాకాలం బయట తిరిగే ఈగ బతికేది రెండు మూడు వారాలే. ఆ మూడు వారాలు పెట్టెలు వేరే చోట ఉంటే, తిరిగొచ్చేసరికి కొలను ఎరిగినవి దాదాపు ఉండవు. ఆగస్టు పదహారున రాత్రి ద్వారాలకి జాలీ కొట్టి, పెట్టెలు ట్రక్కులో వేసుకుని శాంటా పౌలా మిత్రుడి తోటకి తీసుకెళ్లాను. ముప్పై మైళ్ల పైచిలుకు.

అది వెంచురా కౌంటీ. పెట్టెలు కదిపితే 72 గంటల్లో ఆ సంగతి తెలియజేయాలి. ఆ రాత్రే తోట గట్టు మీద నిలబడి ఫోన్‌లో బీవేర్ తెరిచి చుక్క మార్చాను. మందు కొట్టేటప్పుడు కబురు కావాలన్న గడిలో టిక్కు పెట్టాను. పూతమీదున్న చెట్లకి ఈగలని చంపే మందు కొట్టాలనుకున్నవాళ్లు ముందు కమిషనర్ దగ్గర వాకబు చేయాలి. ఒక మైలు లోపల పెట్టెలుండి, కబురు కావాలని కోరినవాళ్లుంటే కనీసం 48 గంటల ముందు వాళ్లకి చెప్పాలి. కోరినవాళ్లకే చెప్తారు, నమోదైనవాళ్లే కోరగలరు. సముద్రం దగ్గరి ఆ నిమ్మతోటల్లో ఏడాది పొడుగునా ఏదో ఒక కొమ్మకి పూత ఉంటుంది.

తొమ్మిదో రోజు కబురొచ్చింది. అర మైలు అవతల తోటలో ఎల్లుండి రాత్రి మందు. చెల్లెలు భర్తే నాకు ముందు ఫోన్ చేశాడు, ఎందుకంటే నమోదు అతని నంబరు మీద ఉంది. ఇద్దరం కలిసి వెళ్లాం. ఆ వేడికి ద్వారాలు మూసేస్తే లోపల ఈగలు ఉక్కకి చస్తాయి. అందుకని చీకటి పడ్డాక రెండు పెట్టెల మీదా తడిపిన గోనెపట్టాలు కప్పి, గాలాడేలా కిందికి వదులుగా జారవిడిచాం. పొద్దున్న పది దాకా తడుపుతూనే ఉన్నాం. గోనె కింద తిరిగే ఈగలు బయటికి పోలేక పట్టా తడిని పీలుస్తూ గడిపాయి. మధ్యాహ్నం పట్టాలు తీశాం. ద్వారం ముందు చచ్చినవి మామూలుగా రోజూ ఉండేవే. అతను మోకాళ్లమీద కూర్చుని వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి లేచాడు. రిజిస్ట్రేషన్ ఎందుకని మళ్లీ అడగలేదు.

సెప్టెంబర్ మొదటి వారమంతా లోయలో వడగాడ్పు. అది తగ్గాక పదో తేదీన పెట్టెలు వెనక్కి తెచ్చి, మళ్లీ బీవేర్‌లో చుక్క మార్చి, పాత చోటనే దింపాం. ఈసారి పళ్లెం ముందే సిద్ధంగా ఉంది, ఇసక తడిసి పాకుడు వాసన కొడుతోంది. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి బాబాయిగారు వీడియో కాల్ చేశారు. ఇసక మీద పదకొండు ఈగలు, తోకలు పైకెత్తి తాగుతున్నాయి. పక్కింటి పెద్దాయనని అడిగి నెలరోజులు రోజూ మధ్యాహ్నం కొలను అంచున ఎన్ని వాలాయో చెల్లెలు రాసుకుంది. జూలైలో నలభైకి తగ్గేవి కావు. ఇప్పుడు నాలుగైదు. సున్నా ఎప్పుడూ కాలేదు. ఊళ్లో వేరే పట్టులూ ఉంటాయి, అది ఆయనకీ చెప్పాం.

ఈ కేసు తర్వాత నా పద్ధతి రెండు చోట్ల మారింది. ఈగలు రావడానికి మూడు వారాల ముందే తడి ఇసక పళ్లెం పెట్టిస్తాను. పాకుడు పట్టాకే పెట్టెలకి ఆర్డరు. నగరం నియమంలో నీళ్లుండాలని ఉంది గానీ ముందే ఉండాలని లేదు. ఆ ఒక్క మాట ఉండుంటే బాగుండేదని నా గట్టి అభిప్రాయం. రెండోది, గోడని నాలుగు చోట్ల కొలిచి ఫొటో తీసి పెట్టుకుంటాను. పక్కింటివాళ్లకి పెట్టెలు రాకముందే బోర్డు మీది నంబరు ఇప్పిస్తాను. అది ఏ చట్టమూ అడగదు.

జనవరి 1న నమోదు కొత్తగా చేశారు. ఆ చలికాలం ఎడతెరిపి లేకుండా వానలు కురిశాయి, 2023 వసంతంలో కొండలన్నీ పూలే. రెండు పెట్టెలూ పట్టలేనంత నిండాయి. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పక్కింటి నారింజచెట్టు కొమ్మకి పట్టు లేచి గుమ్మడికాయంత వేలాడింది. పెద్దాయన 311కి చేయలేదు. గేటు దగ్గరికొచ్చి బాబాయిగారు రాసిన నంబరు చూసి, ఆఫీసులో ఉన్న చెల్లెలికి ఫోన్ చేశారు.

నేను వెళ్లేసరికి ఆయన నిచ్చెన తెచ్చి పెట్టారు, మనవళ్లని అద్దం తలుపు వెనక నిలబెట్టారు. కొమ్మని ఒక్క కుదుపుతో పెట్టెలోకి దులిపి, కాస్త నెమ్మదించాక ఫ్రేముల మీద వెతికాం. మూడో ఫ్రేము మీద పసుపు చుక్క కనిపించింది. మన రాణే. సాయంత్రం చీకటి పడ్డాక ఆ పట్టుని తడికె పక్కన మూడో పెట్టెగా దింపాం. 7,600 చదరపు అడుగులకి అదే ఆఖరిది. చెల్లెలు మెట్ల మీద కూర్చుని బీవేర్ తెరిచి రెండుని మూడు చేసింది.